అన్నలు ఆడుతుంటే తమ్ముడు గీసిన చదరంగం

ఇది ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడిన మాటల రాతప్రతి. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వరు, రూముకొచ్చాక అందరూ పడుకుంటే చదువుకుంటాం అని కొందరు అడిగారు కాబట్టి వీటిని ఇక్కడ పెడుతున్నాం. మాటల మధ్యలో దొర్లే ఊతపదాలు కొన్ని తీసేశాను. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.

పోయిన రెండు వారాలూ గ్రాట్యుయిటీ లెక్కలూ, వీసా మార్పులూ చెప్పుకున్నాం. మస్కట్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీరు చెప్పేవన్నీ పనికొచ్చేవే గానీ, ఒక్కసారి మనసుకు పట్టేది కూడా ఏదైనా చెప్పరాదూ" అన్నాడు. నిజమే కదా! అందుకని ఈసారి ఒక బొమ్మ గురించి మాట్లాడుకుందాం. ఇద్దరు మనుషులు చదరంగం ఆడుతున్న బొమ్మ. 1911లో పారిస్ పక్కన గీసింది.

"మాకూ పెయింటింగులకూ ఏం సంబంధం" అని ముందే దాటేసి పోకండి. ఇది ఒక అన్నదమ్ముల కథ. అందులో ఒకడు దేశం దాటి పోయినవాడు. అంతవరకు చెప్పి మొదలుపెడతాను.

ముందు ఒక పని చెయ్యండి. ఫోన్‌లో వాయిస్ సెర్చ్ నొక్కి "డుచాంప్ చెస్ ప్లేయర్స్ 1911" అనండి. ఇంగ్లిషు అక్షరాలు చూసి మనం డుచాంప్ అని చదువుతాం. ఫ్రెంచివాళ్ళు మాత్రం ద్యూషాం అని పలుకుతారు. ఆ బొమ్మ వచ్చాక అదే పేరుతో "చెస్ గేమ్ 1910" అని కూడా వెతకండి. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుంటే నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది. రెండూ ఇప్పుడు అమెరికాలో, ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి.

గీసినవాడు మార్సెల్ ద్యూషాం. 1887లో పుట్టాడు. ఫ్రాన్స్ ఉత్తరాన నార్మండీ అనే ప్రాంతం, అందులో రువాన్ పట్నానికి దగ్గర్లో ఒక ఊరు. వాళ్ళ నాన్న నోటరీ. అక్కడ నోటరీ అంటే స్టాంపు వేసి పంపేసే పని కాదు. భూముల పత్రాలు, పెళ్ళి ఒప్పందాలు, వీలునామాలు అన్నీ ఆయన చేతి మీదుగానే పోవాలి. మన దగ్గర దస్తావేజు లేఖరి పనీ, సబ్ రిజిస్ట్రార్ పనీ కలిపి ఒక్కడే చేస్తున్నాడనుకోండి, దాదాపు అలాంటిది.

ఆయనకు ఆరుగురు పిల్లలు. పెద్దవాడు గాస్తోన్, రెండోవాడు రేమోన్. వాళ్ళ తర్వాత చాలా ఎడంగా మన మార్సెల్. ఆ తర్వాత ముగ్గురు చెల్లెళ్ళు. పెద్దన్నకూ మార్సెల్‌కూ పన్నెండేళ్ళ తేడా. పెద్దన్నను లా చదవమని పారిస్ పంపిస్తే ఆయన బొమ్మలేసేవాడయ్యాడు. పేరు కూడా జాక్ విల్లోన్ అని మార్చుకున్నాడు. రేమోన్ మెడిసిన్ చదువుతూ జబ్బు పడి చదువు ఆపేశాడు, ఆ తర్వాత శిల్పి అయ్యాడు. మూడోవాడూ అదే దారి పట్టాడు. మన ఇళ్ళలో అయితే ఆ తండ్రి పరిస్థితి ఏమై ఉండేదో ఊహించుకోండి. ఈయన మాత్రం అందరికీ నెలనెలా డబ్బు పంపాడు. అయితే నోటరీ కదా! ఎవరికెంత పంపాడో పద్దు రాసిపెట్టి, రేపు ఆస్తి పంపకాల్లో అంత మేర వాళ్ళ వాటాలో తగ్గించేలా ఏర్పాటు చేశాడు. ప్రేమా ఉంది, లెక్కా ఉంది.

ఈ అన్నదమ్ములకు చదరంగమంటే ప్రాణం. మార్సెల్ చిన్నప్పుడే అన్నల దగ్గర నేర్చుకున్నాడు. అన్నలిద్దరూ పారిస్ పొలిమేరలో ప్యూటో అనే చోట పక్కపక్కన కాపురాలుండేవారు. ఇంటికో తోట ఉండేది. తమ్ముడు నదికి అవతల నొయీలో ఉంటూ ఆదివారాలు అక్కడికి వచ్చేవాడు. ఆదివారం ఆ ఇంటికి చిత్రకారులూ కవులూ చేరేవారు. మాటలు, వాదనలు, మధ్యలో చదరంగం. మన క్యాంపుల్లో శుక్రవారం ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. బట్టలు ఉతికేవాళ్ళు ఉతుకుతుంటారు, కూర వండేవాళ్ళు వండుతుంటారు, ఒక మూల క్యారమ్స్ నడుస్తుంటుంది. సెలవు రోజు ఏ దేశంలోనైనా సెలవు రోజే.

ఇప్పుడు మొదటి బొమ్మ చూడండి, 1910ది. తోటలో ఒక బల్ల దగ్గర అన్నలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడుతున్నారు. ముందు వైపు వాళ్ళ భార్యలు. ఒకామె టీ బల్ల దగ్గర కూర్చుంది, ఇంకొకామె గడ్డి మీద వాలింది. ఎవరూ ఎవరివైపూ చూడటం లేదు. ఆటగాళ్ళ చూపు పావుల మీద, ఆడవాళ్ళ చూపు ఎటో. చెట్లు చెట్లలాగే, గడ్డి గడ్డిలాగే ఉంది. ఆ రోజుల్లో కుర్ర చిత్రకారులందరికీ సెజాన్ అనే పెద్దాయన గురువులాంటివాడు. పేకాట ఆడే రైతుల్ని ఆయన బొమ్మలుగా వేశాడు. ఆ ప్రభావం మార్సెల్ వేసిన ఈ బొమ్మలో కనిపిస్తుంది. పారిస్‌లో ఏటా శరదృతువులో జరిగే ఒక పెద్ద ప్రదర్శనలో దీన్ని పెట్టారు.

ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మన అక్కలు కొందరు ఈ ప్రోగ్రాం వింటారు. వాళ్ళ కోసం ఒక మాట. ఆ టీ బల్ల దగ్గరున్నావిడను కాసేపు చూడండి. మగవాళ్ళ ఆట అయ్యేదాకా పక్కన కూర్చుని ఉండటం ఎలా ఉంటుందో ఆ బొమ్మలో ఉంది. ఏడాది తర్వాత అదే ఆటను మళ్ళీ గీసినప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అందులో లేరు. తోట లేదు, టీ లేదు. ఆట, ఆడే ఇద్దరు, అంతే మిగిలారు.

ఇప్పుడు ఆ రెండో బొమ్మ దగ్గరికి వద్దాం. 1911 డిసెంబరు. ఎత్తు 108 సెంటీమీటర్లు, వెడల్పు 101. అంటే చదరంగం బల్లలాగే దాదాపు చదరం. మొదటిసారి చూస్తే ఎవరైనా "ఇదేంటి, అద్దం పగిలినట్టుంది" అంటారు. గోధుమ రంగు, బూడిద రంగు, కాస్త ఆకుపచ్చ. ముక్కలు ముక్కలుగా గీతలు. కొంచెం ఓపికగా చూస్తే ఒక పక్క నుంచి ఒక ముఖం, ఇంకో పక్క నుంచి ఇంకో ముఖం బయటికి వస్తాయి. ఒక్కొక్కరి ముఖం ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు ఒకదాని వెనక ఒకటి కనపడుతుంది. మధ్యలో చదరంగం పావులు తేలుతున్నట్టు ఉంటాయి. బల్ల సరిగా కనపడదు. ఒక చేతిలో ఒక పావు ఉంది.

దీన్ని క్యూబిజం అంటారు. పికాసో, బ్రాక్ అనే ఇద్దరు అంతకు రెండు మూడేళ్ళ ముందు మొదలుపెట్టిన పద్ధతి. కాలేజీ పుస్తకాల్లో దీని గురించి పెద్ద పెద్ద మాటలుంటాయి. మనలో సైటు మీద పనిచేసేవాళ్ళకు మాత్రం రెండు నిమిషాల్లో చెప్పొచ్చు.

షటరింగ్ కార్పెంటర్‌కో, స్టీల్ ఫిక్సర్‌కో, ఫోర్‌మన్‌కో డ్రాయింగ్ ఇచ్చినప్పుడు అందులో ఏముంటుంది? ప్లాన్ ఉంటుంది, అంటే పైనుంచి చూసినట్టు. ఎలివేషన్ ఉంటుంది, అంటే ఎదురుగా నిలబడి చూసినట్టు. సెక్షన్ ఉంటుంది, అంటే కోసి లోపల చూసినట్టు. కట్టడం ఒక్కటే, చూపులు మూడు. ఈ మూడూ తలలో కలిపితేనే ఆ కట్టడం మీకు తెలుస్తుంది. ఒక్క ఫోటో ఇచ్చి "కట్టు" అంటే కట్టలేరు. ఫోటో ఎంత బాగున్నా ఒక్క వైపే చూపిస్తుంది. సరే, ఆ ప్లానూ ఎలివేషనూ సెక్షనూ మూడు వేరు వేరు షీట్లలో కాకుండా ఒకే షీట్ మీద ఒకదానిలోకి ఒకటి చొరబడేలా గీస్తే? క్యూబిజం అంటే ఇంచుమించు అదే. మనిషి ముక్కు పక్క నుంచి, కన్ను ఎదురుగా, బల్ల పైనుంచి. మనిషి గురించి తెలిసిందంతా ఒకేచోట పెట్టే ప్రయత్నం.

మార్సెల్ దీనికి ఇంకొకటి కలిపాడు. అందుకే ఈ బొమ్మ నాకు ఇష్టం. చదరంగం ఆడేవాడి ఫోటో తీస్తే ఏం వస్తుంది? కదలకుండా కూర్చున్న మనిషి వస్తాడు. అసలు ఆట అక్కడ లేదు. అది తల లోపల నడుస్తోంది. గుర్రాన్ని ఇటు దూకిస్తే వాడు శకటుతో కొడతాడు, కొడితే నేను ఏనుగును లాగుతాను, లాగితే వాడి మంత్రి ఎటు పోతుంది... ఇలా ఇంకా జరగని ఆటలు పది నడుస్తుంటాయి. చెయ్యి మాత్రం పావు మీద ఆగి ఉంటుంది. ఆ ముఖాలు మూడు సార్లు రావడం, పావులు బల్ల వదిలి తలల మధ్య తేలడం దాని కోసమే. ఆలోచనను గీయాలనుకున్నాడు. ఆటగాడి రూపాన్ని మొదటి బొమ్మలోనే గీసేశాడు. ఇందులో వాళ్ళ లోపల జరిగేది పెట్టాలని చూశాడు.

ఒకేసారి కుదరలేదు. బొగ్గుతో చాలా స్కెచ్‌లు వేశాడు. ఒక చిన్న ఆయిల్ పెయింటింగ్ నమూనాగా చేశాడు, అది ఇప్పుడు పారిస్‌లో ఉంది. చివరి బొమ్మను పగటి వెలుతురులో కాకుండా గ్యాస్ దీపం వెలుతురులో వేశాడు. కావాలనే అలా చేశాడు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్ళకు తెలుసు, పచ్చటి లైటు కింద ఏ రంగూ దాని అసలు రంగులా ఉండదు. ఎరుపు నల్లబడుతుంది, నీలం మాసిపోతుంది. అలాంటి అణిగిన రంగులే ఆయనకు కావలసింది. తోట ఎండలో మొదలైన ఆట ఏడాదికి దీపం కిందికి వచ్చింది.

ఇప్పుడు కథలో ఒక చేదు సంగతి. ఈ చదరంగం బొమ్మ తర్వాత కొద్ది వారాల్లోనే మార్సెల్ ఇంకో పెయింటింగ్ వేశాడు. మెట్లు దిగుతున్న మనిషిది. ఆ తర్వాత ప్రపంచమంతా తెలిసింది అదే. 1912 మార్చిలో పారిస్‌లో ఒక ప్రదర్శనకు పంపాడు. అక్కడున్న క్యూబిస్టు మిత్రులకే అది నచ్చలేదు. "మన పద్ధతికి సరిపోవడం లేదు, కనీసం పేరు మార్చమను" అన్నారు. ఆ మాట తమ్ముడికి చెప్పడానికి ఎవర్ని పంపారో తెలుసా? ఈ ఇద్దరు అన్నల్నే. ఇద్దరూ నల్ల కోట్లు వేసుకుని, ఏదో కార్యానికి వచ్చినట్టు తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెప్పారు. తమ్ముడు వాదించలేదు. ఒక టాక్సీ మాట్లాడుకుని వెళ్ళి బొమ్మను ఇంటికి తెచ్చేసుకున్నాడు. ఇక అప్పటినుంచి ఏ గుంపులోనూ పూర్తిగా కలవలేదు. తర్వాత ఏడాది ఒక లైబ్రరీలో ఉద్యోగం చూసుకున్నాడు. అన్నలతో మాటలు మానలేదు, రాకపోకలు ఆగలేదు. కానీ ఇంట్లోవాళ్ళ నోటి నుంచి వచ్చిన "వద్దు" అనే మాట ఎంత బరువుంటుందో నేను చెప్పక్కర్లేదు.

1913లో న్యూయార్కులో ఒక మిలిటరీ షెడ్డులో యూరప్ కొత్త చిత్రకళను అమెరికా జనానికి చూపించే పెద్ద ప్రదర్శన పెట్టారు. ఆర్మరీ షో అంటారు. ముగ్గురు అన్నదమ్ముల పనులూ అక్కడికి వెళ్ళాయి. మార్సెల్‌వి నాలుగు బొమ్మలు వెళ్తే నాలుగూ అమ్ముడుపోయాయి. పత్రికలు వెక్కిరించాయి, జనం క్యూ కట్టారు. మన చదరంగం బొమ్మను షికాగో నుంచి వచ్చిన ఆర్థర్ జెరోమ్ ఎడ్డీ అనే లాయరు కొన్నాడు. అంటే బొమ్మ ముందు వలస పోయింది. గీసినవాడు రెండేళ్ళ తర్వాత దాని వెనక పోయాడు.

1914లో యుద్ధం వచ్చింది. పెద్దన్న సైన్యంలోకి వెళ్ళాడు. రేమోన్ మెడిసిన్ చదివినవాడు కాబట్టి సైన్యంలో వైద్య విభాగంలో చేరాడు. మార్సెల్‌కు గుండెలో లోపం ఉందని తీసుకోలేదు. ఊళ్ళో కుర్రాళ్ళంతా యుద్ధంలో ఉంటే ఒక్కడు వీధిలో తిరుగుతుంటే జనం ఎలా చూస్తారు? ఆ చూపులు ఆయనకు భరించరానివయ్యాయి. 1915 జూన్‌లో ఓడ ఎక్కి న్యూయార్కు చేరాడు. బొమ్మలు అమ్ముకోగలిగేంత పేరుంది. అయినా బతుకుతెరువు కోసం అమెరికన్లకు ఫ్రెంచి పాఠాలు చెప్పాడు. తర్వాత ఫ్రెంచి మిలిటరీ వాళ్ళ ఆఫీసులో గుమాస్తా లాంటి పని చేశాడు. పేరున్నవాడైనా పరాయి దేశంలో మొదట చూసుకోవలసింది అద్దె, తిండి. ఇది మనకు కొత్త సంగతి కాదు.

1917లో అమెరికా కూడా యుద్ధంలో దిగింది. 1918లో ఆయన అక్కడినుంచి ఇంకా దూరం, దక్షిణ అమెరికాలో బ్వేనస్ ఐరిస్‌కు వెళ్ళాడు. భాష రాదు, మనుషులు తెలియదు.

రేమోన్‌కు యుద్ధరంగంలో 1916 చివర్లో టైఫాయిడ్ పట్టుకుంది. అది పూర్తిగా తగ్గలేదు. దాదాపు రెండేళ్ళు ఆస్పత్రుల్లో గడిచాయి. 1918 అక్టోబరు 7న కాన్ పట్నంలోని సైనిక ఆస్పత్రిలో చనిపోయాడు. వయసు 41. ఇంకో అయిదు వారాలకు, నవంబరు 11న, యుద్ధం ఆగిపోయింది. తమ్ముడు ఆ సమయంలో అట్లాంటిక్ సముద్రానికి అవతల ఉన్నాడు. మళ్ళీ ఫ్రాన్స్ నేల మీద కాలు పెట్టేసరికి 1919 సంవత్సరం సగం దాటింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇది వింటున్నవాళ్ళలో ఈ మాట ఎవరికి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. అర్ధరాత్రి ఫోన్ వచ్చి, ఆ నంబరు చూడగానే గుండె జారినవాళ్ళున్నారు. సెలవు దొరక్క, టికెట్ దొరక్క, కాగితాలు చేతిలో లేక, అన్ననో నాన్ననో వీడియో కాల్‌లో సాగనంపినవాళ్ళున్నారు. పక్క బెడ్డు మీదివాళ్ళు లేచి కూర్చుని భుజం మీద చెయ్యి వేసి ఉంచారు, పొద్దున అయిదింటికి బస్సొచ్చింది, ఎక్కి పనికి పోయారు. ఎప్పుడో రెండేళ్ళకు ఊరెళ్తే, గోడ మీద దండ వేసిన ఫోటో. ఆ ఫోటో కూడా ఆధార్ కార్డుకు తీయించుకున్నది పెద్దది చేయించింది.

బ్వేనస్ ఐరిస్‌లో మార్సెల్ ఏం చేశాడు? చదరంగం ఆడాడు. అక్కడి క్లబ్బులో చేరాడు. పెద్ద ఆటగాళ్ళ ఆటలు ముందు పెట్టుకుని ఎత్తు ఎత్తూ చదివాడు. చెక్కతో సొంత పద్ధతిలో పావులు తయారు చేసుకున్నాడు. ఉత్తరాల్లో ఆట ఆడటానికి వీలుగా పావుల గుర్తులతో రబ్బరు స్టాంపులు చేయించాడు. కాగితం మీద ఆ స్టాంపులు గుద్ది, ఎత్తు వేసి, దూరాన ఉన్నవాళ్ళకు పంపొచ్చు. చదరంగం పిచ్చివాణ్ణి అయిపోతున్నానని ఆ రోజుల్లో తనే మిత్రులకు రాసుకున్నాడు. అన్న పోయినందుకే ఇలా అయ్యాడని నేను అనను. ఆ పిచ్చి అంతకు ముందూ ఉంది. తేదీలు మాత్రం పక్కపక్కన ఉన్నాయి. చదరంగం నేర్పిన అన్న పోయిన నెలల్లోనే తమ్ముడు పరాయి ఊళ్ళో పొద్దస్తమానం ఆ ఆట ముందే కూర్చున్నాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ 1911 బొమ్మ తెరవండి. ఇందాక ముక్కలుగా కనిపించింది కదా? ఆ రెండు ముఖాల్లో ఒకటి రేమోన్‌ది. ఆయన ఫోటోలు ఉన్నాయి, ముఖం ఎలా ఉండేదో వాటిలో తెలుస్తుంది. ఈ బొమ్మలో ఉన్నది వేరు. అన్నకు ఎదురుగా కూర్చుని ఆలోచిస్తున్నప్పుడు ఆయన ఎలా ఉండేవాడో అది ఉంది. తల ఎలా వంచేవాడు, ఎంతసేపు ఆగేవాడు, ఆ ఆగడంలో గది ఎంత నిశ్శబ్దంగా ఉండేది. ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసే సంగతులు అవి. చేతిలో పావు ఉంది, ఇంకా కింద పెట్టలేదు. ఆట ముగియలేదు. ఎవరు గెలుస్తారో బొమ్మలో లేదు.

మనకు పోయినవాళ్ళు గుర్తొచ్చేదీ ఇలాగే కదా. ఫోటో చూస్తే ముఖం గుర్తొస్తుంది. నాన్న చుట్ట వెలిగించి మాట్లాడకుండా అరుగు మీద కూర్చునే తీరు మాత్రం ఏ ఫోటోలోనూ ఉండదు. తమ్ముడు క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ పెట్టి ఒక కన్ను మూసే తీరు ఉండదు. అవి మన తలలోనే ముక్కలు ముక్కలుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. ఈ బొమ్మ పగిలిన అద్దంలా ఉందని మొదట అన్నాం కదా, జ్ఞాపకం కూడా అలాగే ఉంటుంది.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్తాను. మార్సెల్ మెల్లగా బొమ్మలు వేయడం తగ్గించి చదరంగంలో పూర్తిగా దిగాడు. 1928 నుంచి 1933 దాకా జరిగిన నాలుగు చెస్ ఒలింపియాడ్లలో ఫ్రాన్స్ జట్టు తరఫున ఆడాడు. 1930లో హాంబర్గ్‌లో అమెరికా మేటి ఆటగాడు ఫ్రాంక్ మార్షల్‌తో డ్రా చేసుకున్నాడు. 1932లో ఇంకొకరితో కలిసి చదరంగం మీద ఒక పుస్తకం రాశాడు. అది రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన చివరి ఆటల గురించి. 1955లో అమెరికా పౌరుడయ్యాడు.

పెద్దన్న విల్లోన్ 1963లో పోయాడు. అదే ఏడాది పెద్ద చెల్లెలు సుజాన్ కూడా పోయింది. 1965లో, 77 ఏళ్ళు దాటాక, మార్సెల్ ఒక పని చేశాడు. 1911లో బొగ్గుతో వేసుకున్న చదరంగం స్కెచ్ ఒకటి తీసి, దాన్ని రాగి రేకు మీద చెక్కి కొత్తగా ప్రింట్లు తీశాడు. 54 ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే ఆట, అవే తలలు. అప్పటికి ఆ ఇద్దరు ఆటగాళ్ళలో ఒక్కరూ లేరు. 1968 అక్టోబరులో ఫ్రాన్స్‌లోనే ఆయనా పోయాడు. అస్థికలు రువాన్‌లో కుటుంబ సమాధికి చేరాయి. అన్నలూ అక్కడే ఉన్నారు.

ఇంతకీ ఈ చదరంగం ఆ ప్యూటో తోటకు ఎలా చేరింది? మన వైపు నుంచే. చతురంగం అని మన దేశంలో పుట్టి, పర్షియాకు పోయి, అక్కడినుంచి అరబ్బుల చేతికొచ్చి షత్రంజ్ అయింది. 9వ శతాబ్దంలోనే బాగ్దాదులో దీని మీద పుస్తకాలు రాశారు. ఆ తర్వాతే యూరప్ చేరింది. అంటే మనం ఇప్పుడున్న ఈ గల్ఫు దారుల గుండానే పోయింది. మీ రూములోనే చూడండి. మనం శకటు అనేదాన్ని బీహారు అన్న ఊంట్ అంటాడు, మనం బంటు అనేదాన్ని పాకిస్తాన్ భాయ్ ప్యాదా అంటాడు. పేర్లు వేరైనా బల్ల ముందు కూర్చుంటే ఎవరికీ భాషతో పని లేదు.

చివరిగా ఒక మాట. ఇంటికి మనం చేసే ఫోన్లు గమనించారా? "డబ్బు పడిందా, ఫీజు కట్టావా, అమ్మ మాత్రలు తెచ్చావా, సరే ఉంటా." ఏళ్ళు గడిచేకొద్దీ మాటలు ఇంతే మిగులుతాయి. తప్పు ఎవరిదీ కాదు, చెప్పుకోవడానికి ఉమ్మడిగా ఏమీ జరగదు కాబట్టి అంతే. ఫోన్‌లో లీచెస్ అనే యాప్ ఉంది. పైసా కట్టనక్కర్లేదు, యాడ్స్ ఉండవు. అందులో కరెస్పాండెన్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒక ఎత్తుకు ఒకరోజు, మూడు రోజులు, ఇంకా ఎక్కువ గడువు పెట్టుకోవచ్చు. నువ్వు డ్యూటీ దిగి ఒక ఎత్తు వెయ్యి, ఊళ్ళో తమ్ముడు పొద్దున లేచి ఒక ఎత్తు వేస్తాడు. వాట్సాప్ కాల్ పోని చోట కూడా ఇది నడుస్తుంది. ద్యూషాం రబ్బరు స్టాంపులు గుద్ది ఉత్తరాల్లో ఆడాలనుకున్న ఆటే ఇది. ఒక ఆట నెల పడుతుంది. ఆ నెలంతా మీ ఇద్దరి మధ్య డబ్బు గురించి కాని సంగతి ఒకటి నడుస్తూ ఉంటుంది. మీ అమ్మాయికి ఆట రాకపోతే ఆమెకూ నేర్పించండి. గుడివాడ నుంచి కోనేరు హంపి, గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక అలా ఇంట్లో నేర్చుకుంటేనే ప్రపంచానికి తెలిశారు.

ఆ బొమ్మలో మీకు ఏం కనిపించిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. "నాకేం కనపడలేదు అన్నా" అన్నా సరే, అది కూడా పెట్టండి. అక్కలు ఆ 1910 బొమ్మలో టీ బల్ల దగ్గరావిడ ఏమనుకుంటోందో చెప్పండి, వచ్చేసారి చదువుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో చదరంగం మనిషి. ఇందాక చెప్పిన హాంబర్గ్ పోటీల్లోనే, 1930లో, బ్రిటన్ జట్టుకు మొదటి బల్ల మీద ఆడినవాడు. పేరు సుల్తాన్ ఖాన్. పంజాబీవాడు, ఒక దొరగారి దగ్గర కొలువులో ఉంటూ ఆయన వెంట లండన్ వెళ్ళి, మూడుసార్లు బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. యజమాని వెంట పరాయి దేశం వెళ్ళడమంటే ఏమిటో తెలిసినవాళ్ళం కదా, ఆయన కథ మనకే బాగా అర్థమవుతుంది.

అంతవరకు ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు ముదురుతున్నాయి, సైటు మీద నీళ్ళు తాగుతూ ఉండండి. ఉంటాను.